బంతి డబ్బా అమ్ముడుపోనందుకు

నేను కడపలో టీవీలు బాగుచేసి బతికాను. బ్లాక్ అండ్ వైట్ టీవీలతో మొదలుపెట్టి, గోడకు తగిలించే పలుచటి టీవీల దగ్గర ఆపేశాను. మధ్యలో స్టెబిలైజర్లు, టేప్ రికార్డర్లు, ఇన్వర్టర్లు చాలానే విప్పాను. మా వీధిలో ఎలక్ట్రానిక్స్ డిప్లొమా చదివే పిల్లలు ఈమధ్య నా దగ్గరికి వచ్చి, "మేడం, ఈ పనిలోకి వచ్చేవాళ్ళకు ఏమైనా చెప్పండి" అన్నారు. నోటితో చెబితే ఒకచోట మొదలై ఇంకోచోట తేలుతుంది. అందుకని రాస్తున్నాను.

ఏ జీతం ఎప్పుడు పెరిగింది, ఎవరు ఏ శాలువా కప్పారు అన్నవి రాయను. వాటివల్ల మీకు ఉపయోగం లేదు, నాకూ సరిగ్గా గుర్తులేవు. బాగా గుర్తున్నది ఒక ఆట సామాను. టీవీకి తగిలించుకుని ఆడుకునే డబ్బా. ఇప్పటి పిల్లలు వీడియో గేమ్ అంటారే, దానికి ముత్తాత. మా కడప, కర్నూలు జిల్లాల్లో అది దారుణంగా దెబ్బతింది, ఎవరూ కొనలేదు. అమ్మే దుకాణంలో జీతం తీసుకుంటూ ఈ మాట అనకూడదు గానీ, అది అమ్ముడుపోనందుకు నేను ఈ రోజుకీ హాయిగా ఊపిరి పీల్చుకుంటాను.

దస్తగిరి సాబ్ దుకాణం

కడపకూ కర్నూలుకూ టీవీ ప్రసారాలు కొత్తగా వచ్చిన రోజులవి. నేను పాలిటెక్నిక్ ముగించి ఇంట్లో కూర్చుని ఉన్నాను. మా నాయన పొలం పనులు చేసేవాడు, ఆదివారం చర్చిలో డోలక్ వాయించేవాడు. ఆడపిల్ల రేడియోలు విప్పుతానంటే ఇంట్లో ఎవరూ వద్దనలేదు. బయట మాత్రం ఉద్యోగం ఎవరూ ఇవ్వలేదు.

ఇచ్చినవాడు దస్తగిరి సాబ్. ఆయనకు కడపలో ఒక టీవీ దుకాణం, కర్నూలు పాతబస్తీలో ఒకటి ఉండేవి. భారీ మనిషి. గొంతు ఇంకా భారీ. నన్ను ఒక పాడైపోయిన టీవీ ముందు కూర్చోబెట్టి, తను టీ తాగుతూ చూశాడు. బొమ్మ వచ్చింది. "రేపట్నుంచి రా బేటీ" అన్నాడు. ఇంటర్వ్యూ అంతే.

పక్క దుకాణమాయన నా ముందే అడిగాడు, "ఏమప్పా సాబూ, ఆడపిల్లను ఇండ్లకు పంపిస్తావా?"

"టీవీ యాడుంటాది? నట్టింట్లో ఉంటాది. నట్టింట్లోకి మొగోడు పోతే ఆడోళ్ళు వంటింట్లోకి పోతారు. ఈ పిల్ల పోతే ఆడోళ్ళు దగ్గరుండి చూపిస్తారు. నాకు లాభమే" అన్నాడు సాబ్.

ఆయన నాకు నేర్పిన మొదటి పాఠంలో కరెంటు లేదు, వైర్లు లేవు. "పెట్టె విప్పేదానికి ముందు ఆ ఇంట్లో నీళ్ళడుగు" అన్నాడు. "నీళ్ళు తాగేటప్పుడు జనం మాట్లాడతారు బేటీ. నువ్వు స్క్రూడ్రైవర్ ఎత్తుకున్నావంటే నోరు మూసుకుని నీ చేతులే చూస్తా కూచుంటారు."

నీళ్ళు అడగడం నాకంత తేలిక కాదు. మేం ఎవరమో తెలిస్తే కొన్ని ఇళ్ళలో దోసిట్లో పోసేవాళ్ళు, గ్లాసు ఇచ్చేవాళ్ళు కాదు. వాళ్ళ టీవీ మాత్రం నేను ముట్టుకోవచ్చు. ఈ సంగతి సాబ్‌కు చెప్పాను. "అట్లాంటి ఇంట్లో అడగొద్దు. నిలబడి పనిచేసి వచ్చేయ్" అన్నాడు. మీలో కొందరికి ఇలాంటి ఇళ్ళు ఇప్పటికీ తగులుతాయి. దానికి నా దగ్గర మంచి సలహా లేదు. ఆయన చెప్పిందే చెబుతున్నాను.

బంతి డబ్బా

హైదరాబాదు కంపెనీ ఒకటి మాకు టీవీలు పంపేది. దాని పేరు రాయను, ఇప్పుడది లేదు కూడా. వాళ్ళు ఒక ఏడాది టీవీలతో పాటు అట్టపెట్టెల్లో ఈ ఆట డబ్బాలు పంపారు. టార్చిలైటు సెల్లులతో నడిచేది. దాని తీగ తీసుకెళ్ళి టీవీ వెనక ఏంటెన్నా పెట్టేచోట గుచ్చాలి. తెర మీద ఇటొక తెల్లగీత, అటొక తెల్లగీత, మధ్యలో ఒక తెల్లచుక్క. చుక్క బంతి, గీతలు బ్యాట్లు. చేతికి రెండు పిడులు ఇచ్చారు. పిడి మీది మర తిప్పితే గీత పైకీ కిందికీ కదులుతుంది. అందం కోసం పిడుల చుట్టూ మెరిసే స్టీలు రేకు బిగించారు.

కంపెనీ దానికొక ఇంగ్లీషు పేరు పెట్టింది, ఎవరి నోటా నిలవలేదు. జనం పెట్టిన పేరు బంతి డబ్బా.

సాబ్ దాన్ని చూసి పసిపిల్లాడైపోయాడు. ఎవరెంత చెప్పినా వినకుండా రెండు దుకాణాలకూ అలమారల నిండా తెప్పించాడు. కర్నూలు దుకాణం బయట బల్ల వేసి, దాని మీద టీవీ పెట్టి ఆట మొదలుపెట్టాడు. సాయంత్రానికి రోడ్డు నిండిపోయింది. బండలాగుడు పోటీల దగ్గర అరిచినట్టు అరిచారు. ఆడేవాళ్ళు ఇద్దరు, చూసేవాళ్ళు ఊరంతా. పోలీసు వచ్చి జట్కాలకు దారి ఇప్పించాల్సి వచ్చింది. మర్నాడు, ఆ మర్నాడు కూడా అంతే. కొన్నవాళ్ళు మాత్రం లేరు.

"చూసేటోళ్ళు శానామంది. కొనేటోళ్ళు యాడ బేటీ?" అన్నాడు సాబ్.

ఎందుకు కొనలేదో మేధావులు ఏమేమో చెబుతారు. నేను ఇళ్ళకు వెళ్ళి చూసినదాన్ని బట్టి చెబుతాను. ఆ రోజుల్లో టీవీ ఒక ఇంటిది కాదు, వీధిది. ఇరవై ముప్పై మంది చాపలు వేసుకుని కూర్చున్నచోట, ఇద్దరు పిడులు పట్టుకుని చుక్కను అటూ ఇటూ కొడుతుంటే మిగతావాళ్ళు ఎంతసేపు ఓర్చుకుంటారు? "ఇంగ చాలు, వార్తలు పెట్టు" అంటారు. ఆట కూడా ఒకటే ఆట. పెట్టె మీద మూడని రాశారు. టెన్నిస్ అన్నా హాకీ అన్నా అదే చుక్క, అదే గీత. మూడు రోజులకు పిల్లలకే విసుగు పుట్టేది. దీనికి తోడు కరెంటు. ఆట మంచి పట్టుమీద ఉన్నప్పుడు తెర కుంచించుకుపోయి ఆరిపోయేది. హైదరాబాదులో ఎవరో పరదేశపు డబ్బా చూసి ముచ్చటపడి చేశారు. మన ఇళ్ళలో టీవీ ఎవరి ముందు ఉంటుందో, ఎంతసేపు వెలుగుతుందో చూడలేదు. కొత్త వస్తువు తయారుచేసేవాళ్ళు మీలో ఎవరైనా ఉంటే, ముందు నాలుగు ఊళ్ళు తిరిగి ఊరికే కూర్చుని రండి.

అయినా కొందరు కొన్నారు. డబ్బున్న ఇళ్ళవాళ్ళు, కొత్తదేదైనా మొదట మన ఇంట్లోనే ఉండాలనుకునేవాళ్ళు. అలాంటివాళ్ళలో మైదుకూరు ఓబుళరెడ్డి ఒకడు.

అవ్వ చెప్పిన మాట

ఓబుళరెడ్డి పసుపు వ్యాపారి. బొమ్మ సరిగా రావడం లేదని కబురు పెడితే, ఒకరోజు పొద్దున బస్సులో వెళ్ళాను. ఆయన గోదాముకు పోయినట్టున్నాడు. నట్టింట్లో నవారు మంచం మీద ఆయన తల్లి నాగమ్మ కూర్చుని ఉంది. నీళ్ళడిగితే చెంబు నేరుగా చేతికిచ్చింది. అప్పుడే ఆమె నాకు నచ్చింది.

"టీవీ సంగతి సరే పాపా, ఈ బంతి డబ్బాకు నేనంటే కిట్టదు" అంది.

"ఎందుకవ్వా?"

"పట్టుకుంటే జివ్వుమని కొడ్తాది. రోజూ కొట్టదు. ఒకరోజు కొడ్తాది, ఒకరోజు గమ్మునుంటాది. మావోడికి చెప్తే వాతమంటాడు. నూనె రాసుకోమంటాడు."

నేను పిడి చేతిలోకి తీసుకున్నాను. నాకేమీ తగల్లేదు. టీవీ వెలుగుతూనే ఉంది. స్టీలు రేకుకు టెస్టరు ఆనించాను, వెలగలేదు. అక్కడితో, వాతమే అయి ఉంటుందిలే అని నేనూ టీవీ వెనక్కి వెళ్ళేదాన్ని. అంతలో అవ్వ మళ్ళీ అంది, "మా కోడలు ఇల్లు కడిగిన రోజే ఎక్కువ కొడ్తాది. కోడలికీ దీనికీ ఏమి సంబంధమో నాకు తెలీదు."

ఇల్లు కడిగేటప్పుడు ఏం చేస్తావని కోడలిని అడిగాను. టీవీ ప్లగ్గు పీకేసి, బల్ల జరిపి, కడిగాక మళ్ళీ పెడతానంది. అప్పటి ప్లగ్గులకు రెండే కాళ్ళు. ఎటు తిప్పి పెట్టినా దూరేవి. నేను ప్లగ్గు పీకి, తిరగేసి పెట్టాను. పిడికి టెస్టరు ఆనించాను.

ఎర్రగా, నిండుగా వెలిగింది.

ఏం జరిగిందో మామూలు మాటల్లో చెబుతాను. ఆ రోజుల్లో కొన్ని చవక టీవీల్లో లోపలి ఇనుప చట్రం నేరుగా కరెంటు తీగకే కలిసి ఉండేది. ప్లగ్గు ఒక వైపు పెడితే చట్రానికి ప్రమాదం లేదు, తిరగేస్తే చట్రమంతా కరెంటే. చట్రం చెక్కపెట్టె లోపల ఉంటుంది కాబట్టి ఎవరికీ తగలదు. ఏంటెన్నా గుచ్చేచోట రెండు చిన్న కెపాసిటర్లు పెట్టి, కరెంటు బయటికి రాకుండా గోడ కట్టేవాళ్ళు. మైదుకూరులో కడప సిగ్నలు పలచగా అందేది. బొమ్మ బాగా రావాలని అక్కడి మెకానిక్కు ఎవరో ఆ కెపాసిటర్లు పీకేసి, తీగతో నేరుగా కలిపేశాడు. గోడ పోయింది, కరెంటు తీగ వెంట డబ్బాలోకి, అక్కణ్ణుంచి పిడి మీది స్టీలు రేకులోకి వచ్చేది. మిద్దె మీది ఏంటెన్నాకూ కరెంటు పాకుతూనే ఉంది, కాకపోతే ఏంటెన్నాను ఎవరూ ఒళ్ళో పెట్టుకుని ఆడరు. బంతి డబ్బాను ఒళ్ళో పెట్టుకునే ఆడతారు.

అవ్వ ఇన్నాళ్ళూ ఎలా బతికి ఉందో మంచం చూశాక అర్థమైంది. మోకాళ్ళ నొప్పులని ఆమె కాళ్ళు కింద పెట్టేది కాదు. కొయ్య మంచం, నవారు పట్టీలు, పొడి ఒళ్ళు. అందుకే జివ్వుమని ఊరుకుంది. కింద చూస్తే నల్లటి నాపరాతి బండలు. కోడలు అప్పుడే బకెట్టుతో నీళ్ళు తెచ్చి కడగడానికి సిద్ధంగా ఉంది. మనవడూ మనవరాలూ ఇన్నాళ్ళూ అవ్వ మంచం మీదే కూర్చుని ఆడేవాళ్ళట, ఆ రోజు బడినుంచి రాగానే చల్లగా ఉంటుందని కడిగిన బండల మీద కూర్చుంటామన్నారట.

ప్లగ్గు పీకేసి, బంతి డబ్బా తీగ చుట్టి నా సంచిలో పెట్టుకున్నాను.

ఓబుళరెడ్డి వచ్చి మొదట కోప్పడ్డాడు. "ఏందమ్మా, బొమ్మ సరిచెయ్యమంటే తీగ పీకి సంచిలో పెట్టుకున్నావు?" నేను డబ్బా తీగ మళ్ళీ గుచ్చి, ప్లగ్గు పెట్టి, ఆయన చేతికే టెస్టరు ఇచ్చాను. పిడికి ఆనించి చూశాడు, వెలిగింది. అలాగే మంచం మీద తల్లి పక్కన కూలబడ్డాడు.

"ఇన్ని దినాలు చెప్తాండావు కదమ్మా, నేను ఇనకపోతినే" అన్నాడు.

"గట్టిగా చెప్తే ఆట మాన్పిస్తావని నేనే మెల్లగా చెప్తాంటి" అంది అవ్వ.

అందరం నవ్వాం. నవ్వుతుంటే ఓబుళరెడ్డికి కళ్ళలో నీళ్ళు వచ్చాయి. ఆయన భార్య నీళ్ళ బకెట్టు తీసుకెళ్ళి పెరట్లో పెట్టి వచ్చింది.

మీకు చెప్పేది ఒకటే. ఒకరోజు ఉండి ఒకరోజు లేని తంటా ఎవరైనా చెబితే, అది వాళ్ళ భ్రమ అనుకోకండి. ఆ ఇంట్లో ఆ రోజు ఏది మారిందో అడగండి.

బల్బు

మర్నాడు దుకాణంలో ఈ సంగతి చెప్పాను. ఆ రోజు కంపెనీ మనిషి రామ్మూర్తి గారు కూడా ఉన్నారు. నెలకొకసారి హైదరాబాదు నుంచి వచ్చే మర్యాదస్తుడు, చదువుకున్నవాడు.

"తప్పు ఆ మెకానిక్కుది" అన్నాడు సాబ్. "టీవీలో ఉండాది దోషం. మన డబ్బాలో సెల్లులు తప్ప ఏముండాది?"

"టెక్నికల్‌గా సాబ్ చెప్పిందే నిజం అమ్మా" అన్నారు రామ్మూర్తి గారు. "మా డబ్బాలో ఏ లోపమూ లేదు."

ఇద్దరి మాటా అబద్ధం కాదు. అదే చిక్కు. నేను వాదించలేదు. వాదనలో దస్తగిరి సాబ్‌ను గెలిచినవాళ్ళు కడపలో లేరు. మూలనున్న ఒక పాత టీవీని మైదుకూరు టీవీలాగే తయారుచేశాను. కెపాసిటర్లు తీసేసి తీగ కలిపాను. బంతి డబ్బా తగిలించి, ప్లగ్గు తిరగేసి పెట్టాను. ఒక బల్బు హోల్డరుకు రెండు తీగలు కట్టి, ఒకటి పిడి మీది స్టీలు రేకుకు, ఇంకొకటి మీటరు బోర్డు కింద భూమిలోకి దిగే ఎర్తు తీగకు కలిపాను. అందర్నీ దూరంగా జరగమని స్విచ్ వేశాను.

బల్బు ఇంట్లో వెలిగినట్టే వెలిగింది. ఆటబొమ్మ పిడి మీదనుంచి.

రామ్మూర్తి గారు, "ఆపమ్మా, ఆపు" అన్నారు. సాబ్ మాత్రం కుర్చీలోంచి లేచి, ఫోను దగ్గరికి పోయి, కర్నూలుకు ట్రంకాల్ బుక్ చేశాడు.

"ఎవరికి సాబ్?"

"మా అక్కకు. రంజాన్‌కు వాళ్ళ పిల్లోళ్ళకు ఒకటి ఇచ్చినా."

ఆ కాల్ కలిసేదాకా దుకాణంలో ఎవరమూ కూర్చోలేదు. ఆయన పెదవులు కదులుతున్నాయి, ఏదో దువా చదువుతున్నాడు. లైను దొరికాక అరిచాడు, "ఆపా, ఆ బంతి డబ్బా ముట్టుకోవద్దండి! పిల్లోళ్ళు యాడుండారు?"

అవతల గొంతు మాకూ వినిపించింది. "ఆ డబ్బానా? అది అటక మీద పడి శానా దినాలాయ. రెండు దినాలు ఆడి విసుగొచ్చి పారేసిరి. ఇంగేమైనా మంచిది తేరాదా నువ్వు?"

సాబ్ ఫోను పెట్టేసి, గోడకు ఆనుకుని చాలాసేపు నిలబడ్డాడు. తర్వాత అలమారల వైపు చూసి పనివాళ్ళతో, "దించండిరా అన్నీ. ఒక్కటి కూడా బయటికి పోగూడదు" అన్నాడు.

రామ్మూర్తి గారి గురించి ఒక మాట చెప్పాలి. నేను ఆయన్ను తిట్టుకోలేదు, ఇప్పుడూ తిట్టను. "నేను హైదరాబాదులో చెబుతాను. ఒప్పుకోరు. అయినా చెబుతాను" అన్నారు. చెప్పారట. ఒప్పుకోలేదట. అమ్మకాలు లేవని ఆ తర్వాత వాళ్ళే తయారీ మానేశారు. న్యాయం చెయ్యలేని పని నష్టం చేసింది. మీ పనిలో కూడా అప్పుడప్పుడు ఇలాగే అవుతుంది. ఎందువల్ల ఆగిందని చూడకండి, ఆగిందా లేదా అన్నదే చూడండి.

అటకల మీదనుంచి

అమ్మినవన్నీ వెనక్కి తేవాలి. ఎవరింట్లో టీవీ ఉందో ఊరంతటికీ తెలిసిన కాలం కనుక ఇళ్ళు పట్టుకోవడం కష్టం కాలేదు. నేను బస్సుల్లో తిరిగాను, సాబ్ తన స్కూటరు మీద తిరిగాడు. ఏం గొడవలు అవుతాయోనని భయపడుతూ వెళితే, చాలా ఇళ్ళలో నవ్వుతూ ఇచ్చేశారు. నంద్యాలలో ఒకాయన, "అమ్మయ్య, ఎవురికన్నా అంటగడదామని చూస్తాంటి" అన్నాడు. ఒంటిమిట్ట దగ్గర మాధవరంలో ఒక మగ్గాలాయన ఇంట్లో సెల్లులు తీసుకుని టార్చిలో వేసుకున్నారు, డబ్బాను పిల్ల ఉయ్యాల కింద ఎత్తు కోసం పెట్టారు. ప్రొద్దుటూరులో ఒక ఇంట్లో అసలు పెట్టె విప్పనేలేదు.

ఒక్కొక్కటి సంచిలో పడుతుంటే నా గుండె కొంచెం కొంచెం తేలికయ్యేది. అంత చప్పటి ఆట చేసినందుకు ఆ కంపెనీవాళ్ళకు దణ్ణం పెట్టాలనిపించింది. ఆట బాగుండి ఉంటే? ప్రతి వీధిలో పిల్లలు తడికాళ్ళతో దాని మీద పడి ఉంటే?

చివరికి ఒకటి మిగిలింది. కర్నూలు దుకాణంలో అమ్మింది. కొన్నదెవరో అమ్మినవాడికి తెలియదు. "తెల్లబట్టలాయన, పాస్టరు మాదిరి ఉండె. హాస్టలు పిల్లోళ్ళకు అన్యాడు" అన్నాడు. అంతే.

హాస్టలు అంటే ఒక ఇల్లు కాదు, ఎంతోమంది పిల్లలు. సాబ్ ఆ వారమంతా అన్నం సరిగా తినలేదు. నేను ఆదివారం చర్చిలో మా పాస్టరు అయ్యగారికి చెప్పాను. ఆరాధన ముగిశాక ఆయన ఆ సంగతి అందరికీ ప్రకటించారు. బయట చెప్పులు వేసుకుంటుంటే జమ్మలమడుగు వైపు నుంచి వచ్చిన ఒకామె నా భుజం తట్టింది.

"మా చెల్లెలి బిడ్డ గండికోట అవతల హాస్టల్లో ఉండాది. పాస్టరయ్య టీవీలో ఆట తెచ్చినాడని, రోజూ ఆడతాండామని చెప్పె" అంది.

రోజూ ఆడుతున్నారు. అవ్వ ఇంటిని వదిలేస్తే, నేను వెతికిన ఇళ్ళన్నిటిలో రోజూ ఆడుతున్నది వాళ్ళొక్కరే.

వంక అవతల

సోమవారం తెల్లవారాక సాబ్, నేను బయలుదేరాం. జమ్మలమడుగు చేరేసరికి వాన పట్టుకుంది. మా సీమలో వాన పడితే ఎవరి ముఖమైనా విప్పారుతుంది. బస్సులో జనం కిటికీలు మూయకుండా చేతులు బయటపెట్టి తడుపుకుంటున్నారు. పక్క సీటులో ముసలాయన, "సెనగ బతికింది పో" అన్నాడు. నాకు మాత్రం తడిసిన బండలే కళ్ళముందు కనబడుతున్నాయి. పుట్టి బుద్ధెరిగాక వాన ఆగిపోతే బాగుండని నేను కోరుకున్నది ఆ ఒక్కరోజే.

బస్సు దిగాక ఎద్దులబండి మీద కొంత దూరం, ఆ తర్వాత వంక నీళ్ళు దాటి బురదలో నడక. సాబ్ భారీ మనిషి అని చెప్పాను కదా. ఒక చెప్పు బురదలో ఇరుక్కుంటే దాన్ని అక్కడే వదిలేసి నడిచాడు. హాస్టలు అంటే రెండు గదులు, ముందు రేకుల వసారా. దూరంనుంచే పిల్లల కేకలు వినబడ్డాయి. ఆటలో వేసే కేకలు.

నేను పరుగెత్తాను. వసారాలో నాపబండల మీద చెమ్మ మెరుస్తోంది. పిల్లలు వట్టికాళ్ళతో గుంపుగా కూర్చున్నారు. ఎదురుగా చిన్న టీవీ, తెర మీద తెల్లచుక్క. ముందు ఇద్దరు అమ్మాయిలు, వాళ్ళ చేతుల్లో స్టీలు రేకుల పిడులు.

"ముట్టుకోవద్దు! వదలండి! కింద పడేయండి!" అని అరిచాను. నా గొంతు అంత పెద్దదని నాకే తెలియదు. అమ్మాయిలు పిడులు పడేసి ఏడ్పు ముఖం పెట్టారు. లోపల్నుంచి తెల్లబట్టలాయన పరుగెత్తుకొచ్చాడు. పాస్టరు, పేరు ఏసురత్నం.

"ఏమైందమ్మా? ఎవరు మీరు?"

"అయ్యగారూ, మెయిన్ ఆపండి ముందు! కరెంటు ఆపండి!"

ఆయన నావైపు అయోమయంగా చూశాడు. "ఈడ కరెంటు యాడుండాదమ్మా? స్తంభాలు వంక అవతలే నిలిచిపోయ. ఈ హాస్టలుకు ఎప్పుడూ కరెంటు లేదు."

అప్పుడు చూశాను. టీవీ వెనకనుంచి వచ్చిన రెండు తీగలు గోడలోకి పోలేదు. వసారా మూలనున్న ట్రాక్టరు బ్యాటరీకి పోయాయి. కార్లలో పెట్టుకునే రకం చిన్న టీవీ అది, ఎవరో దానం ఇచ్చారట. సంఘపెద్ద పొలం పని అయ్యాక ట్రాక్టరు బ్యాటరీ విప్పి ఇస్తాడట. చంపే కరెంటు ఆ ఊళ్ళోకి ఇంకా అడుగే పెట్టలేదు.

నేను ఆ తడి బండల మీదే కూర్చుండిపోయాను. నవ్వు వచ్చిందో ఏడుపు వచ్చిందో చెప్పలేను. సాబ్ అప్పటికి వసారా చేరాడు. ఒంటి చెప్పుతో, మోకాళ్ళదాకా బురదతో. నేను బ్యాటరీ వైపు చెయ్యి చూపించాను. ఆయన చూశాడు. రెండు చేతులూ పైకెత్తి, "యా అల్లా, షుకర్" అన్నాడు. పాస్టరుకు ఇంకా ఏమీ అర్థం కాలేదు గానీ, ఎవరైనా దేవుడికి కృతజ్ఞత చెబుతుంటే ఊరుకోలేడు కదా, "ఆమేన్" అన్నాడు.

తర్వాత సంగతంతా చెప్పాం. ఆయన డబ్బా తీసి మా చేతికిచ్చాడు. పిల్లలు డబ్బా పోయేవైపే చూశారు. ఆ చూపులు పడలేక సాబ్ నాతో గొణిగాడు. "దీన్ని మంచిగా చెయ్యలేవా బేటీ? రేపు కరెంటు వచ్చినా ఏమీ కాకుండా?"

చెయ్యగలను. సంచిలో సామాన్లు ఉన్నాయి. రెండు పిడుల మీది స్టీలు రేకులు విప్పి పారేసి, లోహం ఎక్కడా చేతికి తగలకుండా మందపాటి ప్లాస్టిక్ తొడుగు వేశాను. తీగ మధ్యలో కెపాసిటర్లు పెట్టి, డబ్బా లోపలే గోడ కట్టాను. టీవీ ఎలాంటిదైనా ఇక కరెంటు చేతిదాకా రాదు. అంత చిన్న పని. రెండు రేకులు మానుకుని, రెండు కెపాసిటర్లు పెడితే సరిపోయేది. తయారుచేసినవాళ్ళు దాన్ని బల్ల మీద పెట్టి చూశారు, చేతిలో పట్టుకునే మనిషిని ఊహించలేదు. మీరు ఏది బిగించినా, చివరికి అది ఎవరి చేతిలో, ఏ నేల మీద ఉంటుందో ఒక్కసారి తలచుకోండి. నేను పనిలో నేర్చుకున్నదంతా దాదాపు ఇదే.

డబ్బా తిరిగి ఇచ్చేముందు సరిగా ఉందో లేదో చూడాలన్నాడు సాబ్. చూడడం అంటే ఆడడం. ఇందాక నేను హడలగొట్టిన ఇద్దరు అమ్మాయిల్లో చిన్నదాని ఎదుట కూర్చున్నాడు. ఆ పిల్ల ఆయన్ను చిత్తుగా ఓడించింది. ఇంకో ఆట అన్నాడు, మళ్ళీ ఓడిపోయాడు. "ఈ బిడ్డకు కండ్లు యాడుండాయప్పా, చేతి ఏళ్ళల్లో ఉండాయా?" అని అరుస్తుంటే పిల్లలు పడీపడీ నవ్వారు. పాస్టరు భార్య మాకు వేడివేడి సంగటి, ఊరిబిండి పచ్చడి పెట్టింది. సాబ్ రెండోసారి పెట్టించుకుని తిన్నాడు.

తిరుగు బస్సు ఎక్కేసరికి వాన వెలిసింది. ఎర్రగుంట్ల రాకముందే సాబ్ నిద్రపోయాడు. తల పక్కసీటాయన భుజం మీద వాలిపోయింది, నోరు తెరుచుకుంది, గురక బస్సంతా వినబడుతోంది. టిక్కెట్లు కొడుతూ వచ్చిన కండక్టరు ఆగి ఆయన్నూ, ఆయన వట్టికాలినీ చూశాడు.

"ఏమ్మా, పెద్దాయనకు ఒళ్ళు బాగలేదా?"

"బాగుండాడప్పా. పండుకోనీ" అన్నాను.